పులస యాత్రికులకు సూచనలు

సంక్రాంతికే రండి. గోదావరి జిల్లాల్లో పులస తినాలని బయల్దేరేవారు అన్నిటికంటే ముందు పాటించాల్సిన నియమం ఇదే. డల్లాస్‌లో పిల్లలకి సెలవులిచ్చేది డిసెంబరు చివర్లో, భీమవరం చుట్టుపక్కల కోడిపందేలు జరిగేది జనవరిలో. కాబట్టి పులస కూడా ఈ రెంటికీ వీలుగా జనవరిలోనే దొరకాలి. ఈ సంగతి పులసకి తెలియకపోతే అది పులస తప్పు. అది జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, ఎగువన వానలు పడి గోదావరిలోకి ఎర్రనీరు దిగినప్పుడు, సముద్రంలోంచి ఏట్లోకి తిరిగి ఎదురీదుకుంటూ వస్తుంది. గుడ్లు పెట్టుకోవడానికి వస్తుంది. దాని పనేదో అది చూసుకుని పోతుంది గానీ, ఎవరి టిక్కెట్లు ఎప్పటికి ఖాయమయ్యాయో కనుక్కోదు.

పండక్కి దొరకదేమోనని గాభరా పడకండి. ఇది గోదావరి జిల్లా. ఇంటికొచ్చిన మనిషితో 'లేదండి' అనడం ఇక్కడ మర్యాద కాదు. జనవరిలో అడిగినా, మే నెల ఎండలో అడిగినా 'ఆయ్, ఉందండి' అనే వినపడుతుంది. ఆ ఉన్నది ఆగస్టు నుంచి ఐసులో పడుకున్న చేపో, ఒరిస్సా నుంచి లారీలో వచ్చిన చేపో, అసలు వేరే జాతి చేపో ఆరా తీయడం బావుండదు. ఆయన మర్యాదగా ఉందన్నాడు, మీరూ మర్యాదగా తినండి.

ఆగస్టులో రమ్మని మీ మేనత్త ఫోన్లో చెబుతుంది. వినకండి. ఆ రోజుల్లో పంచాంగం కూడా పులసకి అడ్డం తిరుగుతుంది. శ్రావణమాసంలో పట్టింపున్న ఇళ్ళల్లో శుక్రవారాలూ శనివారాలూ నీసు పొయ్యెక్కదు. కొందరైతే నెలంతా ముట్టరు. దానికి ముందు ఆషాఢం: కొత్తల్లుడు అత్తారి గడప తొక్కకూడదు. పులసలు రావడం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే. అల్లుడు రాకూడదన్నారు గానీ కేరేజీ వెళ్ళకూడదని ఏ శాస్త్రమూ చెప్పలేదు కాబట్టి, పులుసు గిన్నె మూతికి గుడ్డ కట్టించుకుని బస్సెక్కి అల్లుడి ఊరికే పోతుంది. ఇంత తతంగం మీకెందుకు? జనవరి హాయి. వరదలుండవు, వానలుండవు, పులసలుండవు.

ఎక్కడ తినాలి

పెద్ద ఫ్లెక్సీ ఉన్నచోట. జాతీయ రహదారి మీద జొన్నాడ దగ్గర గౌతమి దాటితే రావులపాలెం, ఇంకాస్త ముందుకెళితే సిద్ధాంతం దగ్గర వశిష్ఠ. ఈ రెండు వంతెనల మధ్య కారు నిలపడానికి ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ దిగండి. ఫ్లెక్సీ మీద చేప నారింజరంగులో ఉంటే మరీ మంచిది. అది నార్వే సాల్మన్ బొమ్మ అయ్యుండొచ్చు, కానీ అచ్చు ఎంత శుభ్రంగా పడిందో చూడండి. 'ముందురోజు చెప్పాలండి, చేప దొరికితే వండుతాం, దొరక్కపోతే ఫోను చేసి చెప్పేస్తాం' అనేవాళ్ళు కొందరుంటారు. వాళ్ళ జోలికి వెళ్ళకండి. ఆర్డరిచ్చిన పావుగంటలో పళ్ళెంలో పులస పెట్టగలిగినవాడే సమర్థుడు. ఆ పావుగంటలో అదెలా సాధ్యమైందన్నది వంటింటి రహస్యం.

రాజమండ్రిలో రైలు దిగగానే పులస ఎక్కడ బావుంటుందని ఆటో అతన్ని అడగండి. ఆయన పులస తిని ఎన్నేళ్ళయిందో మాత్రం అడక్కండి. ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఏట్లో ఈతకొట్టి, ఆ చేప ముక్క నోట్లో పెట్టి పదేళ్ళు దాటినవారు చాలామంది ఉన్నారు. కిలో ధర చూశాక మీకే అర్థమవుతుంది. అయినా ఆయన ఎంతో ఆదరంగా ఒక హోటలు చెబుతాడు. అక్కడికే పోనివ్వమనండి.

కాకినాడ వెళితే సుబ్బయ్య హోటల్లో ఆకు ముందు కూర్చుని పులస తెమ్మనండి. ఇన్నేసి రకాలు కొసరి కొసరి వడ్డించేవారు ఈ ఒక్కటీ ఎందుకు వడ్డించరో నిలదీయండి. శాకాహార హోటలని ఏదో సాకు చెబుతారు.

యానాం సంగతి వేరు. 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగంగా ఉన్న ఊరు. కోనసీమకీ కాకినాడకీ మధ్య, గౌతమి ఒడ్డున ఉంటుంది. చుట్టూ ఆంధ్ర, మధ్యలో పుదుచ్చేరి కావడంతో అక్కడికి చేప కంటే సీసా కోసం వెళ్ళేవారే ఎక్కువ. వెళ్ళినవారు సీసాతోనే తిరిగి రావడం క్షేమం. ఎందుకంటే అక్కడ ఏటిగట్టున, పడవలోంచి చేప దిగీ దిగకముందే వేలంపాట మొదలవుతుంది. పాడేవాళ్ళలో, కొనేవాళ్ళలో, తిరిగి అమ్మేవాళ్ళలో ఆడవాళ్ళదే పైచేయి. చేపని చేత్తో పట్టుకోకుండానే అది ఏ నీళ్ళలోంచి వచ్చిందో చెప్పగల మనుషులు వాళ్ళు. అలాంటివాళ్ళ దగ్గర బేరం చేస్తే మాటలు ఇలా నడుస్తాయి:

'ఏవమ్మా, ఇది అచ్చమైన గోదావరి పులసేనా?'

'ఆయ్, తెల్లారగట్ట వల్లో పడిందండి. ఇంట్లో వండేదెవరండి?'

'మా వంటమనిషి. హైదరాబాదులో.'

'అయితే ఆ పక్కన కొరమీను ఉందండి బాబుగారూ, అది పట్టుకెళ్ళండి.'

ఇదీ వరస. కొనేవాడి దగ్గర డబ్బుందో లేదో చూడాలి గానీ, వండేవాళ్ళ చేతిలో పనితనం ఉందో లేదో ఈవిడకెందుకు? వ్యాపారానికి బొత్తిగా పనికిరాని మనిషి. ఈవిడ దగ్గర కొనకండి. 'ఎక్కడిదైతే ఏంటండీ, అన్నీ ఒకటే' అనేవాడు పది అడుగుల దూరంలోనే ఉంటాడు.

అన్నీ ఒకటేనా

ఒకటే. ఈ విషయంలో సైన్సు మన పక్షాన ఉంది. దీని శాస్త్రీయ నామం టెన్యులోసా ఇలీషా. బెంగాలీలు ఇలిష్ అని కొలుస్తారు, సింధులో పల్లా అంటారు, బంగ్లాదేశ్‌కి ఇది జాతీయ చేప. పద్మా నదిలో ఈదినా, హుగ్లీలో ఈదినా, మన వశిష్ఠలో ఈదినా జాతి ఒకటే. ఈ ఒక్క ముక్క పట్టుకుని ఐసు పెట్టెల్లో వచ్చిన సరుకునంతా పులసని చేసేయొచ్చు. చేసేస్తున్నారు కూడా.

మన జాలర్లు మాత్రం ఒప్పుకోరు. సముద్రంలో ఉన్నంతకాలం అది విలస, ఏట్లోకి వచ్చాకే పులస అంటారు. అంతర్వేది దగ్గరో, బెండమూర్లంక దగ్గరో, యానాం దిగువనో ఉప్పునీళ్ళు వదిలి ఎర్రనీళ్ళలోకి దూరిన చేప, ఎదురీదిన కొద్దీ రుచి తేలుతుందని వాళ్ళ లెక్క. మొగలో పట్టిన చేప వేరు, ఇంకా పైన కోటిపల్లి దాకా, బొబ్బర్లంక దాకా వచ్చిన చేప వేరు. శాస్త్రజ్ఞులు కూడా, ఏరెక్కే రోజుల్లో ఈ చేప పెద్దగా మేత ముట్టదని, సముద్రంలో తిని దాచుకున్న కొవ్వు మీదే నెట్టుకొస్తుందని చెబుతారు. అంటే అదే చేప, అదే ఒళ్ళు, కాకపోతే ఎక్కడ పట్టారన్నదాన్ని బట్టి పులుసు మారుతుంది. మొగ దగ్గర వలేసి కూర్చున్నవాడికి ఇంత ఓపిక ఎక్కడిది? మీకు మాత్రం ఎందుకుండాలి? పేరు పులస అయితే చాలు. కడుపులోకి పోయాక అది ఏ జిల్లాదో పేగులు అడుగుతాయా?

ఈమధ్య దేనికి పడితే దానికి భౌగోళిక గుర్తింపు ముద్ర తెచ్చుకుంటున్నారు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో వచ్చింది. బంగ్లాదేశ్ వాళ్ళు తమ ఇలిష్‌కి 2017లోనే వేయించుకున్నారు. పూతరేకు కదలకుండా డబ్బాలో కూచుంటుంది కాబట్టి ముద్ర వేయడం తేలిక. చేపకి వేసిన ముద్ర ఏ దేశం నీళ్ళలో చెరిగిపోతుందో ఆ దేశాలవాళ్ళే తేల్చుకోవాలి.

ధర

ధరని బట్టే నాణ్యం. ఇంకే కొలమానమూ వద్దు. పెద్ద పులస ఒక్కటి ఇరవై వేల రూపాయలు దాటి పలికిందని యానాం నుంచి ఏటా పేపర్లో ఒక వార్త వస్తుంది, చేపని రెండు చేతులా ఎత్తి పట్టుకున్న ఫొటోతో సహా. ఆ వార్త పడిన మర్నాడు వెళ్ళండి. నిన్న వెయ్యి చెప్పిన చేపకి కూడా ఇవాళ వార్త ధర వచ్చి ఉంటుంది. తక్కువకి ఇస్తానన్నవాణ్ణి అనుమానించండి, ఎక్కువ చెప్పినవాడితో ఫొటో దిగండి.

జన ఉన్న ఆడచేపే కావాలని పట్టుబట్టడం మరిచిపోకండి. గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి ఇంత దూరం ఎదురీది వచ్చిన చేపని, గుడ్లు పెట్టకముందే తినేయడంలో ఒక నిండుదనం ఉంది. రాన్రానూ పులసలు తగ్గిపోతున్నాయని అంతా వాపోతున్నారు. ఏటి మొగల్లో ఇసుక మేటలేస్తోందనీ, మొగలోనే వలలు అడ్డం కడుతున్నారనీ, నీళ్ళు పాడవుతున్నాయనీ కారణాలు చెబుతారు. అన్నీ నిజమే, జన పులస తప్ప వేరేది ముట్టనని మారాం చేసే మన పేరు ఆ జాబితాలో ఎక్కకుండా జాగ్రత్తపడితే చాలు. బంగ్లాదేశ్‌లో ఏటా అక్టోబరు నెల చుట్టూ 22 రోజులు ఇలిష్ పట్టడం, అమ్మడం, ఆఖరికి రవాణా చేయడం కూడా నిషేధిస్తారు. తల్లిచేపలు గుడ్లు పెట్టుకోవాలట. జానెడుకి మించని పిల్లచేపల్ని పట్టడం మీద ఇంకో నిషేధం. మన దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో మరపడవల వేటకి సెలవిస్తారు. ఆ సెలవు ముగిశాకే పులసలు ఏరెక్కడం మొదలవుతుంది. అంటే వలలన్నీ బాగుచేసుకుని, మరలకి నూనె పెట్టుకుని, అందరూ తయారుగా ఉన్న సమయానికే వస్తుందన్నమాట. ఇంత తెలివితక్కువ చేపని తినడంలో పాపం లేదు.

కాటన్ దొర మీద ఫిర్యాదు

కొందరు పెద్దలు భద్రాచలంలో పులస ఎందుకు దొరకదని అడుగుతారు. దానికి జవాబు ధవళేశ్వరంలో ఉంది. 1847లో మొదలుపెట్టి 1852కి ఆర్థర్ కాటన్ ఆనకట్ట పూర్తిచేశాడు. డెల్టాకి వరి వచ్చింది, అన్నం వచ్చింది, ఆ అన్నంలోకి కలుపుకోవలసిన చేప వచ్చి గోడకి కొట్టుకుంది. పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ వచ్చింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం, నాలుగు భుజాలూ కలిపి 175 గేట్లు. అందుకే పులస కథ ఎక్కువగా ధవళేశ్వరం దిగువనే ముగుస్తుంది. డెల్టా రైతు కాటన్ దొరకి ఊరూరా విగ్రహం పెట్టి దండేస్తాడు. జాలరి వేస్తాడో లేదో ఎవరూ అడగలేదు.

గంగ మీద ఫరక్కా బ్యారేజీ కట్టాక అలహాబాదు వైపు ఇలిష్ ఎక్కడం పడిపోయిందని అక్కడివాళ్ళూ చెప్పుకుంటారు. ఆ బ్యారేజీ 1975లో పనిచేయడం మొదలుపెట్టింది. అంటే గోదావరి చేప గంగ చేపకంటే శతాబ్దం పైచిలుకు ముందే ఈ అనుభవం పొందింది. ఈ విషయంలో మనం ముందున్నాం. మీరు చేయవలసిందల్లా బ్యారేజీ మీద కారాపి, ఎగువ వైపుకి తిరిగి నిలబడి, పులసలు ఎటు నుంచి వస్తున్నాయో చూడటం. సాయంత్రం దాకా చూడండి. గాలి బావుంటుంది.

వరద రోజుల్లో టీవీ పెట్టుకుని కూర్చోవడం ఇంకో పద్ధతి. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మూడో హెచ్చరిక ఇచ్చారంటే పదిహేడు లక్షల క్యూసెక్కుల నీరు కిందికి పోతోందన్నమాట. ఎర్రనీరు ఎంత ఎక్కువైతే పులసలు అంత ఎక్కువ కదా అని మీరు అడుగుతారు, సబబే. కానీ ఆ రోజుల్లో జాలర్లు పడవలు గట్టెక్కించి, వలలు మడిచి, లంకల్లో మనుషుల్ని ఒడ్డుకి చేర్చే పనిలో ఉంటారు. గిరాకీ ఉన్నప్పుడు ఇలా చేతులు ముడుచుకోవడమేమిటని ఫోను చేసి అడగండి. వాళ్ళు అప్పుడు కూడా మీరనే అంటారు, అదీ గోదావరి జిల్లా.

పుస్తెలు

పుస్తెలమ్మైనా పులస తినాలన్నారు. దీన్ని అక్షరాలా పాటించాలి. బంగారం రేటు ఇప్పుడు ఆకాశంలో ఉంది కాబట్టి, ఒక జత పుస్తెలకి సామెత పుట్టిన రోజులకంటే ఎక్కువే వస్తుంది. అమ్మడం ఇష్టం లేకపోతే తాకట్టు పెట్టండి, ప్రతి సెంటర్లోనూ బంగారం మీద అప్పిచ్చే కొట్టు ఉంది, ఏసీ కూడా.

సామెత కట్టినవాడు మగాడేనని వేరే చెప్పక్కర్లేదు. ఉంగరం అమ్మైనా తినాలనలేదు, గడియారం అమ్మైనా తినాలనలేదు. మెడలోవి ఆవిడవి, తినాలన్న కోరిక ఈయనది. చేప తెచ్చి వాకిట్లో పడేసి 'జాగ్రత్తగా వండు, ఎంతయిందో తెలుసా' అనడం వరకే ఈయన వంతు. పొలుసు తీయడం, ముక్కలు కోయడం, చింతపండు నానేయడం, పొయ్యి దగ్గర గంటలకొద్దీ సెగ చూసుకుంటూ కూర్చోవడం ఆవిడ వంతు. వడ్డించేటప్పుడు నడిముక్కలు ఆయనకి, జన పిల్లలకి, తలకాయ చుట్టపుచూపుగా వచ్చిన మావయ్యగారికి, తోకముక్క ఆవిడకి. తోక వైపు ముళ్ళు మరీ ఎక్కువ. పుస్తెలమ్మిన మనిషికి మిగిలేది అదీ. ఈ ఏర్పాటులో తప్పేమీ కనిపించనివారే ఈ సూచనలు నిక్కచ్చిగా పాటించగలరు.

పులస పెట్టి పనులు చేయించుకోవడం కూడా ఇక్కడ పాత ముచ్చటే. ఫైలు కదలకపోతే కదిలేదాకా ఎదురుచూడటం ఒక దారి, ఐసు పెట్టెలో రెండు చేపలు పెట్టి పంపడం రెండో దారి. మీరు మాత్రం పచ్చిచేపనే పంపండి. దాన్ని అందుకున్న పెద్దాయన ఇంట్లో అది ఎలా వండాలో తెలిసినవారు లేకపోతే వంకాయకూరలా వండేస్తారు, 'దీనికా ఇంత పేరు' అనుకుంటారు, ఫైలు అక్కడే ఉంటుంది.

వండే విధానం

కుక్కర్లో మూడు కూతలు. అంతకుమించి దానికి సమయం పెట్టడం దండగ.

ఈ జిల్లాల్లో ఆడవాళ్ళు దీన్నొక వ్రతంలా చేస్తారు. వెడల్పాటి మట్టి దాక కావాలి. గ్యాసు కాదు, కట్టెలో పిడకలో కావాలి. చింతపండు పులుసు చిక్కగా తీయాలి, ఉల్లిపాయ నూరాలి, పచ్చిమిరపకాయలు నిలువునా చీరాలి, లేత బెండకాయలు తుంచకుండా వేయాలి. కొందరు వంకాయలు కూడా వేస్తారు. ముక్కలు వేశాక గరిటె పెట్టకూడదు, చితికిపోతాయట. దాక అంచులు గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ కుదుపుతూ తిప్పాలి. పులుసు దగ్గరపడేదాకా సన్నసెగ మీద ఉంచాలి. దించేముందు ఆ ఏడాది ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనె ఒక గరిటెడు పోయాలి. వెన్నపూస వేసేవారున్నారు, రెండు చుక్కలు ఆముదం వేసేవారూ ఉన్నారు. ఈ మూడో రకంవారితో వాదన పెట్టుకోకండి, వాళ్ళ అమ్మమ్మల దాకా వెళ్ళిపోతుంది.

ఇంత చేశాక తింటారా? తినరు. మూతపెట్టి పొయ్యి మీదే వదిలేస్తారు. ఇవాళ వండింది రేపు తినాలట. ముక్కకి పులుసు పట్టాలి, ముల్లు మెత్తబడాలి, నూనె పైకి తేలాలి, అప్పుడు గానీ అది పులస కాదట. ఫ్రిజ్‌లో పెట్టడానికి కూడా ఒప్పుకోరు. ఇరవై వేలు పోసి కొన్న చేపని ఎదురుగా పెట్టుకుని రాత్రంతా వాసన చూస్తూ పడుకోవడం ఏం తెలివో ఎవరికీ తెలియదు. హైదరాబాదుకి రాత్రి బస్సులో వేసిన పులుసు గిన్నె తెల్లారేసరికి ఇక్కడున్నదానికంటే రుచిగా దిగుతుందంటే, అందులో డ్రైవరు పనితనం ఏమీ లేదు, పది గంటలు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అంతే. మీరు ఈ మూఢనమ్మకాలకి లోబడకండి. గరిటె పెట్టి బాగా కలపండి. పొగలు కక్కుతుండగానే వడ్డించుకోండి. చప్పగా ఉన్నట్టనిపిస్తే నిమ్మకాయ పిండండి.

ముళ్ళు, రొట్టె

అమెరికా నుంచి వచ్చే మేనల్లుళ్ళకి పెద్ద ఇబ్బంది ముళ్ళు. ఈ చేపకి వెన్నుముల్లు ఒక్కటే ఉండి ఊరుకోదు, కండ పొరల మధ్య వెంట్రుకల్లాంటి ముళ్ళు, చీలిన కొసలతో సహా, వందలకొద్దీ ఉంటాయి. ఇక్కడ పుట్టిన పిల్లలు బడిలో అక్షరాల కంటే ముందే నాలుకతో ముల్లు వేరుచేయడం నేర్చుకుంటారు. మాట్లాడకుండా, తల వంచుకుని, వేళ్ళతో ముక్క విప్పి చూసుకుంటూ తినాలి. పులస విస్తరి ముందు గోదావరి మనిషి మౌనంగా ఉంటాడు. అంత మౌనం మళ్ళీ ఎన్నికల ఫలితాల రోజున ఓడినవాడి ఇంట్లోనే దొరుకుతుంది.

మీకు అంత తీరిక లేదు కాబట్టి చెంచాతో తినండి, ఫోను మాట్లాడుతూ తినండి, ఎదుటివారితో రాజధాని గురించి వాదిస్తూ తినండి. లేకపోతే 'బోన్‌లెస్ పులస' అడగండి. పదిలో తొమ్మిది హోటళ్ళు ఉందంటాయి. ఆ బోన్‌లెస్ చెరువులో పెరిగిన ఏ చేపదైనా కావచ్చు. ముల్లు లేకపోవడమే ముఖ్యం.

పోయినసారి వచ్చిన ఒక కుర్రాడు మెయిన్ రాష్ట్రం తీరంలో లాబ్‌స్టర్ రోల్ తిన్నాడట. పెద్ద రొయ్యలాంటి ఆ జీవి గోళ్ళలోంచి కండ తీసి, మయొనీస్ కలిపి, పొడుగు బన్నుని నిలువునా చీల్చి అందులో కూరి ఇస్తారు. కనెక్టికట్‌లో అయితే మయొనీస్ బదులు వేడి వెన్న పోస్తారు. రాజమండ్రిలో పులస రోల్ ఎందుకు లేదని అతని ఆవేదన. న్యాయమైన ఆవేదన. పులసని ఉడకబెట్టి, ముళ్ళన్నీ ఏరి (ఈ పని మీ పెద్దమ్మకి అప్పగించండి, మూడు గంటలు పడుతుంది), పులుసు కాలవలో పారబోసి, మిగిలిన పొట్టుని బేకరీ బన్నులో పెట్టి, పైన టమాటా సాసు వేస్తే ప్రపంచంలో ఏ సముద్రతీర నగరానికీ తీసిపోని రోల్ తయారవుతుంది. తిన్నాక అది ఏ చేపో చెప్పలేకపోవడం దీని ప్రత్యేకత. నోరు చల్లబడటానికి రాజమండ్రి రోజ్‌మిల్క్ తాగండి.

గొంతులో ముల్లు గుచ్చుకుంటే పెరుగన్నం ముద్ద నమలకుండా మింగమంటారు, అరటిపండు మింగమంటారు. ఇక్కడ చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒకేసారి డాక్టర్లైపోతారు, వీపు మీద చరుస్తారు, తల పైకెత్తమంటారు, మీరు ఎవరి మాట వినాలో తేల్చుకునేలోగా నిజమైన చెవి ముక్కు గొంతు డాక్టరు ఇంటికెళ్ళిపోతాడు. ఈ వరసలో అన్నీ చేయండి.

తిరుగు ప్రయాణం

తినగానే బయల్దేరాలి. చుట్టాలింట్లో రెండో రోజు ఉండకూడదు, ఉంటే పులస రుచి గురించి వాళ్ళు చెప్పిందంతా నిజమని ఒప్పుకోవలసి వస్తుంది. సాయంత్రం చేప తెప్పించండి, రాత్రి ఎనిమిదింటికల్లా వండించండి, వేడివేడిగా లాగించి గౌతమి ఎక్స్‌ప్రెస్ అందుకోండి. 'రాత్రికి ఉండి రేప్పొద్దున తినేసి వెళ్ళు బాబూ' అని మేనత్త గుమ్మం దాకా వచ్చి బతిమాలుతుంది. ఆఫీసుందని చెప్పండి. దాకలో అడుగున నాలుగు ముక్కలు, రెండు బెండకాయలు, మూడు గరిటెల పులుసు మిగిలిపోతాయి. వాటిని పార్సిలు కట్టించుకుంటే బ్యాగు వాసనొస్తుంది, కాబట్టి వదిలేయండి. పాపం ఆ ఆడవాళ్ళే మర్నాడు పొద్దున్నే చద్దన్నంలో కలుపుకుని ఎలాగో సరిపెట్టుకుంటారు.